చుక్క, గీత, నీరు

శుద్ధ పంచమి, పొద్దున్న

గుమ్మళ్లలంక గేటు కేంద్రం చిట్టా ఇది. రాస్తున్నది మంగతాయారు. వయసు డెబ్భై ఒకటి, కుడికంట్లో శుక్లం, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. ఇన్నేళ్లూ నేను చెబుతుంటే మాటపెట్టె రాసుకునేది. అది మూగబోయి ఇవాళ్టికి నాలుగో రోజు. సముద్రం అడుగున తీగ తెగిందిట, అమావాస్య దాకా బాగవదని ఒడ్డుకీ లంకకీ తిరిగే పంటు మీద కబురొచ్చింది. అందుకని కలం పట్టాను. అక్షరాలు కుదురుగా లేవని ఎవరైనా గొణిగితే, వాళ్లనే వచ్చి రాసుకోమనండి.

మాటపెట్టె లేకపోతే వంట ఆగదు, పెళ్లి ఆగదు. గేటు ఆగుతుంది. ఆటులో బయటి నీళ్లు దిగినప్పుడు తలుపెత్తి లంకలోని వాననీళ్లు వదలాలి, పోటు వచ్చేలోగా దించెయ్యాలి. మోటారు పోయి ఏడాదైంది. చేత్తో చక్రం తిప్పితే తలుపు లేవడానికి గంటన్నర, అందులో గంట పైన గొలుసు బిగియడానికే పోతుంది, తలుపు అడుగు విడిచేది చివర్లోనే. దిగడానికి గంట. కళ్లతో చూసి మొదలుపెడదామంటే కుదరదు, ఏ వేళకి లేచి ఉండాలో ముందే తెలియాలి. అది ఇన్నాళ్లూ మాటపెట్టె చెప్పేది.

పున్నమికి పది రోజులుంది. ఆకాశం చూస్తే వాన విడిచేలా లేదు. తలుపెత్తకపోతే వాననీళ్లు ఇళ్లలోకి వస్తాయి. వేళ తప్పి ఎత్తితే సముద్రం మంచినీళ్ల మడుగులోకి వస్తుంది. లంకకి తాగడానికి ఉన్నది ఆ మడుగొక్కటే. దక్షిణాన ఇంకోటి ఉండేది, ఏదో తుఫానుకి ఉప్పెక్కిపోయి ఉప్పుమడుగు అయింది, నలభై ఏళ్లైనా అందులో చేప బతకదు. ఇదీ పోతే నూటనలభై ఇళ్లవాళ్లం పంటెక్కి లంక వదిలి పోవడమే.

షష్ఠి, మధ్యాహ్నం

మాటపెట్టెలు రాకముందు ఈ లెక్కలు మేమే వేసేవాళ్లం. మా పెద్దాయన డేవిడ్‌రాజు గారు పాత కంప్యూటరు భాష ఫోర్ట్రాన్‌లో రాసిన ప్రోగ్రాం ఉండేది, దాని పేరు ‘నీరు’. వాన, గాలి, పోటు ఎంతో చెబితే తలుపు ఎన్ని గంటలకి లేచి ఉండాలో చెప్పేది. నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు ముప్ఫై మూడు. నన్ను ఆ నల్ల తెర ముందు కూర్చోబెట్టి, “అమ్మాయ్ తాయారూ, దీనికి చెవుల్లేవు. వేళ్లతోనే మాట్లాడాలి” అన్నారు.

పాత మిషను దుమ్ము దులిపి పెట్టాను. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. దాని బోర్డు కాలిపోతే మధ్యలో కొత్త బోర్డు వేయించాం. పాత బోర్డు కోసం కట్టిన ప్రోగ్రాంని ఈ కొత్తది నడపనంటోంది. రాసినదాన్ని మిషనుకి అర్థమయ్యేలా మార్చే కంపైలరు మాత్రం ఉంది, పెట్టినవాళ్ల కడుపు చల్లగుండ. అంటే మూలం మొదటి నుంచీ టైపు చేసి మళ్లీ కంపైల్ చేసుకోవాలన్నమాట. ఆ మూలం డేవిడ్‌రాజు గారు అచ్చు తీసి మడతలు పెట్టిన కాయితాల మీద, ఇనప్పెట్టెలో ఉంది. ఎనిమిదివందల నలభై లైన్లు.

తెర మీదైతే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు గానీ, నా కంటికి ఆ అచ్చు ఆనదు. వేళ్లకి మాత్రం ఏ మీట ఎక్కడుందో ఇంకా గుర్తే. అందుకని గేటు తిప్పే నూకరాజుని పిలిచాను. వాడికి యాభై నాలుగు, ఇరవై ఏళ్లుగా నాచేత తిట్లు తింటున్నాడు.

“ఇంగ్లీషు అక్షరాలొచ్చుగా నీకు?”

“వచ్చండి. కూడబలుక్కుంటాను పిన్నిగారండీ. అర్థాలు మాత్రం అడక్కండి.”

“అర్థాలు నేను చూసుకుంటాలే. నువ్వు చదువు, నేను కొడతాను. సీ అక్షరంతో మొదలయ్యే లైన్లు వదిలెయ్. అవి మిషను చదవదు, మనుషుల కోసం రాసుకునే ముచ్చట్లు. మనకిప్పుడు ముచ్చట్లకి తీరికలేదు.”

“ఆయ్,” అని కాయితం విప్పాడు. మొదటి లైనులోనే నవ్వాడు. “ఇదేంటండీ, అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనవి! గాలి, వాన, ఎగువ, దిగువ...”

మరి! డేవిడ్‌రాజు గారు పేర్లన్నీ తెలుగులోనే పెట్టేవారు. ఈ నీళ్లకి ఇంగ్లీషు రాదమ్మాయ్ అనేవారు.

అష్టమి, సాయంత్రం

రెండు రోజుల్లో ఐదువందల లైన్లు అయ్యాయి. నడుము పట్టేసింది. ప్రతి లైను ముందూ ఆరు గడులు ఖాళీ వదలాలి, ఏడో గడి నుంచే రాయాలి. ఎందుకూ అని నేనూ అప్పట్లో అడిగాను. “ఎప్పుడో అట్టముక్కలకి చిల్లులు పొడిచి మిషన్లకి తినిపించేవారట, ఆ మర్యాద ఇంకా పోలేదు” అన్నారాయన. ఇవాళ వేళ్లు వాటంతటవే ఆరుసార్లు ఖాళీ మీట నొక్కుతుంటే పక్కన ఆయన కూర్చున్నట్టే ఉంది. ఆ చుట్ట వాసన కూడా వచ్చింది, నిజంగా.

నూకరాజు మధ్యలో తల గీరుకున్నాడు. “మీ పెద్దాయన చాలా తప్పులు కొట్టేశారండీ. పేజీ నిండా ఎర్ర పెన్సిలే.”

నాకు చిర్రెత్తింది. “ఆయన తప్పు రాసే మనిషి కాదు. పిల్లలెవరో గీసుంటారు. నువ్వు అచ్చులో ఉన్నది చదువు, వ్యాఖ్యానాలొద్దు.”

వాడు అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

దశమి, సాయంత్రం

టైపు అయింది. కంపైల్ కొట్టాను. జీఫోర్ట్రాన్, ఖాళీ, నీరు డాట్ ఎఫ్, ఖాళీ, మైనస్ ఓ, ఖాళీ, నీరు. ఎంటర్. అరవై ఒక్క తప్పులు! తెర నిండా జరజరా పడిపోతుంటే నూకరాజు బెంచీ మీంచి లేచిపోయాడు, ఏదో పగిలిపోయిందనుకుని.

నాకు మాత్రం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒక మిషను నన్ను తిట్టింది. మాటపెట్టె ఎప్పుడూ తిట్టదు, “తప్పకుండానండీ” అంటుంది. దానితో మాట్లాడి మాట్లాడి నాకు విసుగు పుట్టింది. ఇది అలాక్కాదు, ఫలానా లైను, ఫలానా గడి, ఇక్కడ కామా ఏదీ అని నిలదీస్తుంది.

“పైనున్న తప్పొక్కటే దిద్దు, మళ్లీ కంపైల్ చెయ్. కింద సగం అవే పోతాయి.” ఇదీ ఆయన నేర్పిన పద్ధతే. అలాగే చేశాను. అరవై ఒకటి ఇరవై మూడైంది. ఇరవై మూడు నాలుగైంది. మధ్యాహ్నం భోజనాల వేళకి కంపైల్ కొడితే తెర మీద ఏమీ రాలేదు. ఆ ఏమీ రాకపోవడమే కావలసింది.

“అయిపోయిందాండీ?” అన్నాడు నూకరాజు.

“కట్టడం అయింది. ఇక నడపాలి.”

‘నీరు’ అని కొట్టి ఎంటర్ నొక్కాను. అలాంటిదేదీ కనబడలేదంది. నూకరాజు నా మొహం కేసి చూశాడు. నాకు నవ్వొచ్చింది. మొదటి రోజు నేనూ ఇదే చేశాను. అప్పుడు డేవిడ్‌రాజు గారు నా వెనక నిలబడి, “నువ్వు పేరు చెబితే అది ఊరంతా వెతికొస్తుంది గానీ ఉన్నచోట చూడదు. చుక్క అంటే ఇక్కడ. ముందు చుక్క పెట్టు, ఏటవాలు గీత పెట్టు, అప్పుడు నీరు” అన్నారు. ఆ తర్వాత రోజూ పొద్దున్న కేంద్రంలోకి వస్తూనే గుమ్మంలోంచి అరిచేవారు, “చుక్క, గీత, నీరు!” అని. నేను నొక్కేదాన్ని. వాళ్లావిడ మరియమ్మ గారు పంపిన పూర్ణాల గిన్నె బల్ల మీద ఉండేది. ఆ పొద్దుల కోసం ఇప్పుడు నా దగ్గరున్నదేదైనా ఇచ్చేస్తాను.

చుక్క, గీత, నీరు. ఎంటర్. వాన ఎంత అని అడిగింది, చెప్పాను. గాలి అడిగింది, పోటు అడిగింది. ఎల్లుండి పదకొండుంబావుకి తలుపు లేచి ఉండాలంది. నాకు కళ్లంట నీళ్లొచ్చాయి. నూకరాజు చూడనట్టు నటించాడు.

ద్వాదశి, సాయంత్రం

ఇవాళ్టిది రాయడానికి చెయ్యి రావడం లేదు.

పదకొండుంబావుకి లేచి ఉండాలంటే తొమ్మిదీ ముప్పావుకి చక్రం మొదలెట్టాలి. పెట్టించాను. నేను కేంద్రంలో, నూకరాజు గేటు మీద, మధ్యలో తీగ ఫోను. పదకొండు అవుతుంటే వాడన్నాడు, “పిన్నిగారండీ, బయటి నీళ్లే ఇంకా ఎత్తుగా ఉన్నాయండి. లోపలికి తోస్తున్నాయి.”

“అల ఏదో కొట్టుంటుంది. లెక్క చెప్పింది కదా, తిప్పు.”

“మూరెడు ఎత్తుందండి...”

“నూకరాజూ! నీ కళ్లా, ఆయన లెక్కా? తిప్పమన్నానా!”

తిప్పాడు పాపం. ఐదు నిమిషాల్లో మళ్లీ ఫోను. వాడు లోపలి కాలువలో చెయ్యి ముంచి నాలిక మీద వేసుకున్నాడు. ఒక్క మాటే అన్నాడు, “ఉప్పండీ.” నేను దించమనేలోగా వాడే దించడం మొదలెట్టాడు. అది దిగేలోగా లోపలికి వచ్చిన ఉప్పు వచ్చింది. రెండువైపులా నీళ్లు సమమైంది పన్నెండుకి పది నిమిషాలు తక్కువట, వాడు గోడ మీద బొగ్గుతో రాసిపెట్టాడు. అంటే ముప్పై అయిదు నిమిషాల తేడా. మడుగులో తూర్పు మూల నీళ్లు ఇవాళ గొంతు దిగడం లేదు.

పంచాయతీ ప్రెసిడెంటు సువార్త పరుగున వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇవాళా మాట్లాడలేదు, అదే భయమేసింది. “ఎందుకిలా అయింది తాయారుగారూ?” అంది.

నూకరాజు చదవడంలో ఏదో తప్పు చేసుంటాడు అన్నాను. వాడు అక్కడే ఉన్నాడు, గోడకానుకుని. తల దించుకున్నాడు. చిట్టాలో ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

త్రయోదశి, మధ్యాహ్నం

వాన ఎక్కువైంది. సువార్త కబురు పంపింది. రేపు సాయంత్రానికి నమ్మదగ్గ లెక్క లేకపోతే పున్నమి పొద్దున్నే నాలుగు పంట్లు వస్తాయి, ఎవరి మూటలు వాళ్లు సర్దుకోవాలి. పంటెక్కినవాళ్లని మళ్లీ లంకకి రానివ్వరు, పక్క లంకల సంగతి చూశాం కదా. మా వీధిలో అప్పుడే మంచాలు విప్పుతున్నారు.

నూకరాజు వస్తాడనుకోలేదు. వచ్చాడు. తడిసి ముద్దయి, కాయితాల మూటని చొక్కా కింద పెట్టుకుని.

“మళ్లీ మొదటినుంచీ చదువుతానండి. తప్పెక్కడో పట్టుకోండి.”

నిన్నటి మాటకి ఏదైనా అనాలనిపించింది, అనలేకపోయాను. “కూర్చో,” అన్నాను. చదువుతున్నాడు, నేను తెర మీదున్నదాంతో సరిచూసుకుంటున్నాను. రెండువందల పదో లైను దగ్గర ఆగాడు.

“నీరు ఈక్వల్‌టు మట్టం ప్లస్... ఇక్కడ ఈ నీరు కూడా కొట్టేసిందేనండీ. అయినా చదవమన్నారుగా, చదువుతున్నాను.”

“కొట్టేసిన నీరేంట్రా?”

“అదేనండి, అచ్చులో నీరు అనే ఉంది, దాని ముందు ఎర్ర పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టారు. బళ్లో మాష్టారు తప్పుకి పెట్టేవారే, అది. నీరుకీ ఉంది, లోతుకీ ఉంది. గాలికి లేదు, వానకి లేదు. పిల్లలు గీశారన్నారు కదాని నేను...”

నా చేతులు మీటల మీదే ఆగిపోయాయి. ఓరి దేవుడా! అది ఇంటూ కాదు. ఎక్స్!

ఇది ఇక్కడ రాసి తీరాలి, నా తర్వాత ఎవరికైనా కావాలి. ఫోర్ట్రాన్‌లో ఒక పాత రివాజుంది. పేరు ఐ, జె, కె, ఎల్, ఎమ్, ఎన్, ఈ ఆరింట్లో దేనితో మొదలైనా, విడిగా చెప్పకపోతే, అది నిండు అంకె అనుకుంటుంది. దశాంశం చుక్క తర్వాతదంతా పారేస్తుంది. రెండూ ముప్పాతిక మీటర్ల నీరైతే రెండే అంటుంది. అడగదు, తప్పని చెప్పదు. మన మాటలేమో చూడండి. ఇసుక, జల్లు, కాలువ, లోతు, మట్టం, నీరు. ఆరూ ఆరే! ఇంగ్లీషువాళ్లకి రాని తిప్పలు మనకొచ్చాయి.

అందుకే మా కేంద్రంలో ఆ మాటలకి ముందు ఎక్స్ తగిలించేవాళ్లం. డేవిడ్‌రాజు గారు దాన్ని టోపీ అనేవారు. “నీటికి టోపీ పెట్టు, మిషనుకి పెట్టినట్టే. పెట్టకపోతే నీరు కాస్తా పూర్ణం అయిపోద్ది” అని మరియమ్మ గారి గిన్నెలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకునేవారు. నిండు అంకెల్ని పూర్ణాలనే పిలిచేవాళ్లం. ఆ పూర్ణాల రుచి నాకు గుర్తుంది, గిన్నె అంచున నీలం గీత గుర్తుంది. టోపీలు గుర్తులేవు! ఈ అచ్చు టోపీలు రాకముందుదై ఉండాలి, టోపీలు ఆయన తర్వాత చేత్తో పెట్టుకున్నారు. ప్రతి చోటా ఒకేలా టోపీ వదిలేశాం కాబట్టి కంపైలరుకి ఏ తేడా కనబడలేదు.

నూకరాజు భయం భయంగా అడిగాడు, “నా వల్లేనాండీ?”

“చదువు,” అన్నాను. “ఈసారి ఎర్ర మార్కున్న చోటల్లా టోపీ అను.”

చతుర్దశి, సాయంత్రం

“టోపీ నీరు ఈక్వల్‌టు టోపీ మట్టం ప్లస్ గాలి ఇంటూ...”

“ఇది ఏ ఇంటూ?”

“ఇది మామూలు ఇంటూ అండి, నక్షత్రంలా ఉంది.”

నిన్నా ఇవాళా ఇదే పాట. రెండువందల పన్నెండు టోపీలు. రెండు లైన్లు టోపీలతో పొడుగైపోయి డెబ్భై రెండో గడి దాటాయి, దాటింది మిషను చదవదు కాబట్టి వాటిని విరిచి రాశాను. ఈ మర్యాద నాకు గుర్తున్నందుకు మహా గర్వపడ్డాను, ఎవరూ చూడలేదు గానీ.

సాయంత్రం నాలుగింటికి కంపైల్ అయింది. ముందు ద్వాదశి నాటి వాన, గాలి, పోటు ఇచ్చి నడిపాను. చుక్క, గీత, నీరు. పదకొండూ యాభై రెండు అంది. నూకరాజు గోడ మీద బొగ్గుతో రాసింది పదకొండూ యాభై.

సువార్తని పిలిపించి రెండూ చూపించాను. చాలాసేపు చూసింది. “మళ్లీ తప్పితే?” అంది.

“తప్పదు. ఈసారి నేను గేటు మీదే ఉంటాను. నూకరాజు కళ్లు కాదంటే అక్కడే ఆపేస్తాను.”

పంట్లు ఒడ్డునే ఉంచుతానంది, మూటలు ఎక్కించవద్దంది.

పున్నమి, సాయంత్రం

రెండూ ఇరవై అయిదుకి తలుపు లేచి ఉండాలంది ప్రోగ్రాం. ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువలో చక్రం మొదలుపెట్టారు, నూకరాజూ ఇంకో నలుగురూ. వాన అడ్డంగా కొడుతోంది. నా గొడుగు మొదటి గాలికే తిరగబడింది, అవతల పారేశాను. లోపల నీళ్లు మొదటి వరస ఇళ్ల అరుగులు తాకుతున్నాయి. బయట అలలు. కొలబద్ద మీద అంకె చూద్దామంటే ఏదీ నిలబడదు. లంకంతా గట్టు మీదే ఉంది.

రెండూ పదికి నూకరాజు చక్రం మీంచి వంగి చూశాడు. “పిన్నిగారండీ, బయట ఇంకా జానెడు ఎత్తుంది.”

“ఆపమంటావా?”

వాడు నా కేసి చూశాడు. ఇరవై ఏళ్లలో వాణ్ణి నేను ఈ మాట అడగడం ఇదే మొదలు. “దిగుతోందండి. తలుపుని ఇప్పుడే అడుగు విడవనివ్వద్దు, కాస్త నెమ్మదిగా తిప్పుదాం,” అన్నాడు. నెమ్మదిగా తిప్పారు. జానెడు బెత్తెడైంది. రెండూ పాతిక దాటాక తలుపు కింద నీళ్లు ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా తిరిగాయి. తర్వాత కొట్టుకొచ్చిన కొబ్బరాకు ఒకటి, లోపలి నుంచి బయటికి, తలుపు కింద నుంచి సాగిపోయింది. గట్టు మీద ఎవరో కేకేశారు. ఆ తర్వాత అందరూ కేకలే.

అయిదింటికి తలుపు దించారు. నూకరాజు తిన్నగా మడుగు దగ్గరికి పోయాడు, వెనక నూటనలభై ఇళ్లూ పోయాయి. దోసిలితో తీసుకుని తాగాడు. మళ్లీ తాగాడు. “తియ్యగానే ఉన్నాయండి!” అన్నాడు, ఏడుస్తూ. సువార్త పంట్లని వెనక్కి పంపేసింది.

పాడ్యమి, పొద్దున్న

వాన తెరిపిచ్చింది. పని లేదు. నూకరాజు వాళ్లావిడ గిన్నెలో పూర్ణాలు పంపింది, నా గోల విని విని కాబోలు. తింటూ అన్నాను, “ఆ సీ లైన్లు కూడా చదవరా ఇప్పుడు. ఆయన ముచ్చట్లు విందాం.”

చదివాడు. అన్నీ మామూలువే. ఇక్కడ గాలి లెక్క, ఇక్కడ పోటు లెక్క. చివరి పేజీకొచ్చాడు. అచ్చంతా అయిపోయాక అడుగున ఎర్ర పెన్సిలుతో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, నాలుగు లైన్లు ఉన్నాయన్నాడు. నాలుగూ సీతోనే మొదలయ్యాయి. కూడబలుక్కుంటూ చదివాడు.

“సీ. దక్షిణం మడుగు తుఫానుకి పోలేదు. సీ. నేనే నీరుకి ఎక్స్ పెట్టకుండా తలుపెత్తించాను. సీ. ఎవరికీ చెప్పలేకపోయాను. సీ. తాయారూ, ఎక్స్ ఒక్కటీ వదలకు.”

పూర్ణం నా చేతిలోనే ఉండిపోయింది. ఉప్పుమడుగు గట్టు మీదుగా ఆయన రోజూ సాయంత్రం ఒక్కరే నడిచి వెళ్లేవారు. చల్లగాలికనుకునేదాన్ని. టోపీ, పూర్ణం అంటూ నన్ను నవ్విస్తూ నేర్పింది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇవాళ తెలిసింది. మిషను చదవని చోట చూసి రాసుకున్నారు మహానుభావుడు. మనుషులు చదువుతారనుకున్నారు. నేను చదవద్దన్నాను.

చాలాసేపు ఏడ్చాను. నూకరాజు చెంబుతో మడుగు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

తాగి, మొహం కడుక్కుని, మీటల ముందు కూర్చున్నాను. ఆయన నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. వాటి కింద నావి రెండు.

“ఏం రాశారండీ?” అన్నాడు.

“నువ్వే చదువు.”

తెర దగ్గరికి వంగి అక్షరం అక్షరం పట్టుకున్నాడు. “సీ. ద్వాదశినాడు ఉప్పు లోపలికి రానిచ్చింది మంగతాయారు. సీ. నూకరాజు వద్దన్నాడు, వాడి కళ్లే నిజం.” చదివి నా వైపు తిరిగాడు. “ఇది ఎందుకండీ ఇప్పుడు...”

“మిషను చదవదులే. సువార్తకి మాత్రం నేనే వెళ్లి చెబుతాను, గట్టు మీద అందరి ముందూ.” లేచి కుర్చీ వాడి కేసి జరిపాను. “ఇలా కూర్చో. ఇవాళ్టి వేళ నువ్వే అడుగు దాన్ని.”

వాడు ఆ లావుపాటి వేళ్లని చొక్కాకి తుడుచుకుని కూర్చున్నాడు. కంపైల్ కొట్టించాను. తెర మీద ఏమీ రాలేదు.

“ఇప్పుడేం కొట్టాలండీ?”

నేను గుమ్మం దాకా నడిచి, అక్కణ్ణించి అరిచాను.

“చుక్క, గీత, నీరు!”